క్రేదో అంటే నమ్ముతున్నాను

ఏవండీ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి వరండాలో మిరపకాయలు పోశాను. మనిషి తగ్గినా ఎప్పటిలా అన్నే కాయలు తెచ్చాను. తొడిమలు తీయడానికి పక్కింటి మార్తమ్మ వదిన వచ్చింది. మీరు సెమినరీలో పాఠాలు ముగించుకొచ్చి, మాతో కూర్చుని తొడిమలు తీస్తూ లాటిన్ చెప్పడం గుర్తు చేసుకుంది.

"మీ నాన్న పాట ఎత్తుకోవే సుధా! మా ఆయన తెలుగులో చెబితే ఎటూ వినడు, లాటిన్‌లో చెప్పి చూస్తా" అంది.

మన సుధ ఏడాదిగా ఆ లాటిన్ మాటలు పలకలేదు. ఇవాళ నవ్వి మొదలుపెట్టింది. క్రేదో అంటే నమ్ముతున్నానని, గుండెను ఒకరి దగ్గర ఉంచడం నుంచి పుట్టిందని, మన శ్రద్ధకు దూరపు చుట్టమని అచ్చం మీలాగే చెప్పింది. తర్వాత నేను, నువ్వు, అతను, మేము, మీరు వరసలో క్రేదో, క్రేదిస్, క్రేదిత్, క్రేదిముస్, క్రేదితిస్ అని, అక్కడ ఆగిపోయింది.

"క్రేదుంత్. వాళ్లు నమ్ముతున్నారు" అన్నాను, కాయల మీంచి చూపు తిప్పకుండా.

"అమ్మా, నీకొచ్చా!"

"ఇన్నేళ్లు వింటే రాదా?"

"అయితే రేపటి నుంచి నువ్వే చెప్పాలి. రేపు ఇంకో క్రియ."

అలాగేలే అన్నాను. నాకు వచ్చింది ఆ ఒక్కటేనండీ.