కూత మోగినా లేవను

డిసెంబర్ 4, గురువారం. తల్లాడ.

ఈ డైరీకి ముత్యాలమ్మ రాయునది. అందరు ఎట్లున్నరు?

నేను నాలుగో తరగతి దాక చదివిన. ఉత్తరాలు తప్ప ఇంకేం రాయలే. అందుకే గిట్ల మొదలుపెడుతున్న. డైరీకి ఇంట్లోళ్ళు ఉండరు కాబట్టి మావోళ్ళనే అడుగుత. మా ఆయన ఆంథోని బాగున్నడా? బాగున్నడు, ఎడమ మోకాలు ఒక్కటి తప్ప. పెనుబల్లిల మా తమ్ముడు బాగున్నడు. వాని షుగర్ కూడా బాగనే ఉన్నది. పక్కింటి భీమక్క దగ్గు తగ్గిందా? తగ్గింది. పొద్దున గోడ అవతల నుంచి అడిగిన. మేక మంచిగున్నది. కోళ్ళు పదకొండు మంచిగున్నయి. పన్నెండోది రెండు రోజులాయె, గింజ ముట్టుతలేదు.

సంగతి ఏందంటే, మా తమ్ముని బిడ్డ సంపూర్ణ దుబాయిల నర్సు. మా ఇద్దరిని వారం రోజులు రమ్మని టికెట్లు పంపింది. ఊరు చూసుడు, క్రిస్మస్ సామాన్లు కొనుడు, పక్కనే షార్జాల క్రికెట్ ఆట చూసుడు.

ఆట మా ఆయన కోసం. ముప్పై నాలుగేండ్లు బొగ్గుబాయిల పని చేసిండు. మణుగూరుల రిటైర్ అయిండు. అన్నేండ్లు రేడియో చెవికి ఆనించుకుని ఆట విన్నడు. ఒక్కసారి కూడా కండ్లతోని చూడలే. రెండుసార్లు హైదరాబాద్ పోతనని బయల్దేరిండు. రెండుసార్లు నేనే ఆపిన. ఒకసారి మబ్బు పట్టింది. ఒకసారి నాకు కల వచ్చింది.

ఈసారి ఈ డైరీ నా చేతిల పెట్టి అన్నడు: "ముత్యాలూ, నాకు అరవై రెండు. మళ్ళ ఎప్పుడు చూస్తనో. నీ భయాలన్నీ దీంట్ల రాసుకో, నా ముందట అనకు. మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాక నన్ను కూసోనియ్యి. గంతే నేను అడిగేది."

సాయంత్రం ఫాదర్ గారి ముందట మాట ఇచ్చిన. వాపస్ వచ్చేదాక చింత పడను. ఒక్కటి కూడా!

డిసెంబర్ 5, శుక్రవారం.

శానా తేలిక! పొద్దున్నుంచి ఒక్క చింత లేదు. ఇన్నేండ్లు ఎందుకు పడ్డనో.

పెట్టెల పెట్టినవి: స్వెటర్లు 4. మంకీ టోపీలు 2. మామిడికాయ తొక్కు. కారప్పొడి. జ్వరం గోలీలు, విరేచనాల గోలీలు, దేనికో మరిచిన గోలీలు. టార్చిలైటు. కొవ్వొత్తులు 6. తాడు పది మూరలు.

మా ఆయన తాడు బయటికి తీసిండు. "ఇదెందుకే?"

"బట్టలు ఆరేస్తానికి."

అబద్ధమాడిన. సంపూర్ణ ఏడో అంతస్తుల ఉంటదట. నిప్పంటుకుంటే ఎట్ల దిగాలె? పది మూరలు ఏడంతస్తులకు చాలదు. ఇది చింత కాదు. లెక్క.

డిసెంబర్ 7, ఆదివారం. దుబాయి.

విమానం క్షేమంగ దిగింది. రెక్క ఒకటి ఊగుతుండె. ఊగాలెనట. అడగలే, పక్క సీటాయన అంతట ఆయనే చెప్పిండు. నా మొఖం చూసి చెప్పిండట.

ఇక్కడ చలికాలమన్నరు. చలి లేదు! మా ఊర్ల ఈ నెల భీమక్క పొద్దెక్కినంక గాని దుప్పట్లకెళ్లి బయటికి రాదు.

లిఫ్టు ఎక్కినం. బాయిలకు దిగే డబ్బా లెక్కనే ఉన్నది. కాకపోతే ఇది పైకి పోతది. మా ఆయన అలవాటుగ తల ఒంచిండు. సంపూర్ణ నవ్వింది. "మామయ్యా, ఇక్కడ బొగ్గు రాలదు."

రాత్రి కిటికీలు చూసిన. గొళ్ళాలున్నయి. ఇది జాగ్రత్త. జాగ్రత్త వేరు, చింత వేరు. ఫాదర్ గారికి చింత గురించే మాట ఇచ్చిన.

డిసెంబర్ 8, సోమవారం.

పొద్దున 11:00. పెద్ద బజారు. అంతా ఒకటే కప్పు కింద. లోపల ఏసీ. ఇక్కడ దొరికింది చలి! మంకీ టోపి పెట్టుకున్న. అందరు చూసిన్రు. చూడనీ.

"అత్తమ్మా, తియ్యరాదు," అన్నది సంపూర్ణ.

"చెవిల గాలి పోతే దవాఖానల నువ్వే కూసోవాలె బిడ్డా."

కొన్నవి: తమ్మునికి టార్చి. భీమక్కకు నైలాన్ చీర, చిలకపచ్చ. ఫాదర్ గారికి ఫ్లాస్కు.

11:50. నడిచే మెట్లు! మా ఆయన ఎక్కిండు. నేను ఎక్కలే. కింద నిలబడ్డ. పోయిండు, వచ్చిండు, మళ్ళ పోయిండు. నాలుగుసార్లు. సరదాకట. అరవై రెండేండ్లకు. చీర కుచ్చిళ్ళు పడితే ఏమైతదో, పంచె పడితే ఏమైతదో. ఆయన ప్యాంటు వేసుకున్నడు. అయినా.

కొత్త నియమం: రోజుకు ఒక్క చింత పడొచ్చు. సాయంత్రం ఆరింటికి. ఫాదర్ గారు కాదనరు.

డిసెంబర్ 9, మంగళవారం.

ఇయ్యాల చింత పొద్దున ఏడింటికే అయిపోయింది. రేపటిది అప్పు తీసుకున్న.

మా ఆయన తన కోసం ఒక్కటే కొనుక్కున్నడు. దుర్భిణి. ఆట మంచిగ కనపడాలెనట. దారెంట అందరి మొఖాలు చూసుకుంట వచ్చిండు. "ఓ పెద్దమనిషీ, కొడతరు," అన్న. ఇది చింత కాదు, సలహా.

నేను దుప్పటి కొన్న. పులి బొమ్మది. దుప్పటి మోస్తే పెట్టె మొయ్యరాదు, పెట్టె మోస్తే దుప్పటి మొయ్యరాదు.

డిసెంబర్ 10, బుధవారం.

మా వీధి చివర ఫోను బూతుకు ఫోన్ చేసి భీమక్కను పిలిపించిన.

"పన్నెండో కోడి ఎట్లున్నదే?"

"కూర వండిన వదినా. మంచిగుండె."

కోడి గురించి ఇంక చింత లేదు. ఇప్పుడు భీమక్క పొట్ట గురించి. ఆ కోడికి ఏం రోగముండెనో.

డిసెంబర్ 11, గురువారం.

రేపే ఆట. మా ఆయన అంగీ తనే ఇస్త్రీ చేసుకున్నడు. టికెట్లు మూడుసార్లు తీసి చూసుకున్నడు. నాకు రెండుసార్లు చూపించిండు. పెండ్లిల కూడా ఆయన మొఖం గట్ల లేకుండె.

"యాదుంది గదా? మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాక."

"యాదుంది."

ఆఖరి నియమం: నోటికెళ్లి బయటికి రాని చింత లెక్కలకు రాదు. గట్ల చూస్తే ఇప్పటిదాక నేను మాట తప్పలే.

డిసెంబర్ 12, శుక్రవారం. షార్జా.

8:00. సంపూర్ణకు డ్యూటీ. టాక్సీ ఎక్కించింది. "అత్తమ్మా, ఆట అయినంక గేటు కాడ ఉండున్రి. నేనొస్త." గేటు కాడ. ఆ మాట నాకు నచ్చింది.

10:00. మొదటి బంతి! మా ఆయన లేచి నిలబడ్డడు. నెత్తి మీది టోపి తీసి చేతిల పట్టుకున్నడు. వెనకాయన కూసో కూసోమని అరిచిండు. కూసున్నడు.

10:40. దుర్భిణి నాకిచ్చిండు. "బంతి వేసేటాయన బూటు లేసు కనపడుతుంది, చూడు చూడు!" చూసిన. బయటికి పోయే దార్లు నాలుగు. ఒకదానికి తాళం.

1:30. చపాతీలు తిన్నం. అవతలోళ్ళు ఏ దేశపోళ్ళో మూడుసార్లు చెప్పిండు. మరిచిన. నాలుగోసారి అడుగలే.

3:30. మనోళ్ళు కొడుతున్నరు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. ఇంతమంది ముందట.

4:20. ఇంకా పది ఓవర్లు ఉన్నయట. గెలిచేటట్టున్నరట. గొంతు ఎండిందని లేచిండు. "నీళ్ళు తెస్త. కదలకు." మెట్లు దిగి కిందికి పోయిండు. ఇంక గంటసేపు. గంటసేపు చింత పడకుంట ఉండలేనా నేను!

సాయంత్రం 7:00. సంపూర్ణ ఇల్లు. 

ఉండలేకపోయిన.

మా వెనక వరుసల ఎవడో చేతితోని తిప్పే సైరన్ తెచ్చుకున్నడు. మనోళ్ళు ఫోర్ కొట్టిన్రని తిప్పిండు. పెద్ద కూత. ఆపకుంట తిప్పిండు.

బాయి కాలనీల కూత రోజుకు మూడుసార్లు, షిఫ్టు మారేటప్పుడు మోగుతది. టైం కాని టైంల మోగిందంటే లోపల ఏమో అయ్యింది. పొయ్యి మీదిది పొయ్యి మీదనే ఇడిసిపెట్టి ఆడోళ్ళమందరం బాయి గేటు కాడికి పోతుంటిమి. ఎవరు ఎవరికీ చెప్పేది లేదు. నా కాపురంల గట్ల అయిదుసార్లు మోగింది. నాలుగుసార్లు అందరం మొగుళ్ళను తీసుకుని ఇంటికొచ్చినం. అయిదోసారి పక్క క్వార్టర్ భారతమ్మ ఒక్కతే గేటు కాడ మిగిలింది.

మా ఆయన కిందికి దిగిండు. కూత మోగింది. నేనేం అనుకోలే. రాస్తానికి చింత కూడా లేదు. కాళ్ళు వాటంతట అవే గేటు కాడికి పోయినయి.

గేటు బయట నిలబడ్డ. చూస్తే అక్కడ ఇంకొక ఆడిది లేదు. అప్పుడు అనుమానం వచ్చింది.

గేటు జవానును హిందీల అడిగిన. "లోపలోళ్ళు అందరు పైకొచ్చిన్రా? బిళ్ళలు లెక్కపెట్టిన్రా?" బాయిలకు దిగే ప్రతి మనిషికి ఒక ఇత్తడి బిళ్ళ ఉంటది. పైకొచ్చి అప్పజెప్తేనే మనిషి వచ్చినట్టు.

జవాను నన్ను మంచిగ చూసిండు. "ఆట నడుస్తుంది, అమ్మా."

"అయితే లోపలికి పోత."

"టికెట్?"

టికెట్లు రెండు మా ఆయన అంగీ జేబుల.

ఎంతోసేపు కాలే. ఆయన వచ్చిండు. రెండు చేతుల రెండు నీళ్ళ సీసాలు. నా సీటు ఖాళీ చూసి ఎక్కడా వెతకలేదట, సీదా గేటుకే వచ్చిండట. ఆయన గేటు లోపల, నేను బయట. జవాను నడుమ.

"ఇద్దరి టికెట్లున్నయి. ఈమెను రానియ్యి," అన్నడు మా ఆయన.

"బయట అడుగు పెడితే మళ్ళ లోపలికి లేదు, చాచా. ఎవరికీ లేదు."

నేను అన్న: "నువ్వు పో. ఆట చూడు. నేను ఈడ్నే ఉంట, నాకేం చింత లేదు."

లోపల పెద్ద అరుపు లేచింది. ఆయన వెనక్కి తిరిగి చూసిండు. నా దిక్కు చూసిండు. అడుగు బయట పెట్టిండు.

బయట ఒక టాక్సీల రేడియో మోగుతుంది. డ్రైవర్ తలుపు తెరిచిపెట్టిండు. మా ఆయన తలుపు పక్కన గొంతుక్కూసుని కండ్లు మూసుకుని విన్నడు. మణుగూరుల అరుగు మీద గట్లనే కూసుంటుండె. రేడియోల అరుపు ముందుగాల వినపడుతుందో గోడ అవతల నుంచి ముందుగాల వినపడుతుందో తెలుస్తలేదు.

మనోళ్ళు ఆరు పరుగులతోని ఓడిన్రు.

సంపూర్ణ వచ్చింది. "ఆట ఎట్లుండె మామయ్యా?"

"మంచిగ వినపడ్డది బిడ్డా."

డిసెంబర్ 13, శనివారం.

మా ఆయన మాట్లాడుతలేడు. ఆట ఓడినందుకా, నా మీద కోపమా? అడుగుదామంటే, అడిగితే అది చింత.

మధ్యాహ్నం అన్నీ అనేసిన. వరుసగ. రెక్క, గొళ్ళెం, తాడు, నడిచే మెట్లు, కోడి, భీమక్క పొట్ట, తాళం పెట్టిన దారి, దుప్పటి బరువు. ఆఖరుకు, నీ ఆట నేనే పోగొట్టిన అని కూడా అన్న. ఆయన అంతా విన్నడు. "తాడు చింత కోసం తెచ్చినవా?" అన్నడు. గంతే.

డిసెంబర్ 16, మంగళవారం. తల్లాడ.

ఇంటికొచ్చినం. మేక, పదకొండు కోళ్ళు, భీమక్క, భీమక్క పొట్ట, అన్నీ మంచిగున్నయి. కొత్త చీర కట్టుకుని భీమక్క గోడ కాడ నిలబడ్డది. చిలకపచ్చ మరీ ఎక్కువున్నది. అనలే.

సాయంత్రం చాయ్ ఇచ్చి అడిగేసిన. "నా మీద కోపమున్నదా?"

"ఎందుకుండదు? పది ఓవర్లు పోయినయి. బతికున్నన్ని రోజులు ఉంటది."

"మరి నన్ను ఆడ్నే ఉంచి చూడకపోయినవా? నేనే పొమ్మంటి గదా."

ఆయన చాయ్ మొత్తం తాగిండు. గ్లాసు కింద పెట్టిండు.

"కూత నాకు కూడా వినపడ్డది ముత్యాలూ. మెట్ల కింద ఉన్న. రెండు సీసాలు పట్టుకుని. ముప్పై నాలుగేండ్లు కూత మోగినప్పుడల్ల బిళ్ళ అప్పజెప్పి బయటికొచ్చి చూస్తే, గేటు కాడ నువ్వుంటుంటివి. నువ్వున్నవని తెలిసినంక నేను ఇంకో దిక్కు ఎట్ల పోత?"

నేను గ్లాసు కడగపోయిన. కడిగిందే మళ్ళ కడిగిన.

వచ్చేసరికి ఒక కార్డు చదువుతున్నడు. మేము లేనప్పుడు వచ్చిందట. మణుగూరుల ఆయనతోని పనిచేసిన పిచ్చయ్యది. కాలనీ పిల్లలు క్రికెట్ పెట్టిన్రట, జనవరిల ఫైనల్, ఇద్దరు తప్పక రావాలెనట.

"కాలనీ ఆట నేనెప్పుడూ చూడలే, ఎప్పుడూ డ్యూటీనే," అన్నడు. "గ్రౌండ్ బాయి పక్కనే. మూడింటికి కూత మోగుతది. అది షిఫ్టు కూత. లేస్తవా?"

"లేవను."

"మొదటి బంతి నుంచి?"

"ఆఖరి బంతి దాక."

ఈ డైరీ అయిపోవచ్చింది. మిగిలిన కాగితం మీద కొత్తగ రాస్తున్న. ఆ రోజు చింత పడను. ఒక్కటి కూడా! తాడు తీసుకపోను. దుర్భిణి ఆయన చేతిలనే ఉంటది. మూడింటికి ఆయన పక్కకు పోవద్దు, నీళ్ళు నేను ఇంటి నుంచే తెస్త. గ్రౌండ్‌కు గేటు ఉన్నదా అని పిచ్చయ్యకు కార్డు రాసిన. ఇది చింత కాదు.

ఆట జనవరి 11, ఆదివారం, మణుగూరు. పొద్దుగాల మొదటి బస్సు.