కద్దూర్ మోకాలికి పది నిమిషాలు

బ్రస్సెల్స్,
రంజాన్ మూడో రోజు

కద్దూర్ అన్నయ్యకి, చెల్లెలు యామ్నా సలాములు. వదినకీ, నీ మంగలి షాపులో కాలక్షేపం చేసే వాళ్లందరికీ కూడా చెప్పు.

నాకు చదువు రాదుగా, నేను చెబుతుంటే కోడలు విదాద్ రాస్తోంది. మా అబ్బాయి మిలూద్ బాల్కనీకి డిష్ బిగించాడు. మన దేశం టీవీ వస్తోందన్నయ్యా. రాజధాని రబాత్ నుంచి సాయంత్రం ఆజాన్ వినపడగానే ఏడుపొచ్చింది. చిన్నప్పుడు ఇద్దరం ఒకే గిన్నెలో హరీరా తాగి, అడుగున మిగిలిన శనగల కోసం కొట్టుకునేవాళ్లం గుర్తుందా. ఊరొదిలిన పదకొండేళ్లకి మళ్లీ నువ్వూ నేనూ ఒకేసారి మొదటి గుక్క తాగబోతున్నాం. టీవీలో ఆజాన్ వచ్చేదాకా ఈ ఇంట్లో ఎవరూ ఖర్జూరం ముట్టకూడదని చెప్పేశాను. ఇక్కడి సూర్యుడితో నాకేం పని, ఏడాదికి పది రోజులు కూడా మొహం చూపించడు.

నిన్ను తలవని పూట లేని,
యామ్నా

తా.క. మామయ్య గారికి, విదాద్ రాస్తున్నాను, అత్తయ్యకి తెలియదు. ఇక్కడ నాలుగు నలభైకే పొద్దు గుంకుతుంది. టీవీలో ఆజాన్ మా గడియారంలో ఆరున్నరకి. వీధిలో వాళ్లంతా తిని గిన్నెలు కడుక్కున్నాక కూడా మేం టీవీ ముందే కూర్చుని ఉంటాం. మీరు చెబితే వింటారు.


ఊజ్దా,
రంజాన్ తొమ్మిదో రోజు

చెల్లాయి యామ్నాకి, నిన్ను చూసి గర్వపడుతున్న అన్న దీవెనలు.

నీ ఉత్తరం షాపులో పైకి చదివాను. గడ్డానికి సబ్బు రాసుకున్నవాళ్లు అది ఎండిపోయేదాకా విన్నారు. కోడలు రాసిన తాజాకలం కూడా చదివాను. ఎంత మంచి పిల్ల. అత్తగారు రోజూ రెండు గంటలు ఎక్కువ ఉపవాసం ఉంటోందని, అత్తకి తెలియకుండా గొప్ప చెప్పుకుంది. ఈ కాలంలో అలాంటి కోడళ్లు ఎక్కడున్నారు.

పాత ఇనుము కొట్టు బూజ్యాన్ ఓ మాటన్నాడు. ఉపవాసం పొద్దు గుంకేదాకే కాబట్టి ఆ పై రెండు గంటల పుణ్యం యామ్నా సొంతమట, ఇష్టమైనవాళ్ల పేర పంచొచ్చట. అందుకని మొదటి పది నిమిషాలు నా ఎడమ మోకాలికి ఇవ్వు. పావుగంట బూజ్యాన్ కూతురి నర్సు పరీక్షకి. మరో పావుగంట వాళ్లింట్లో పాలివ్వడం మానేసిన మేకకి. మిగతా పేర్లు కాగితం వెనక రాశాను.

నీ అన్న,
కద్దూర్

తా.క. షాపులో వరస కడుతున్నారు. గడ్డం మొలవని వాళ్లు కూడా వస్తున్నారు.


బ్రస్సెల్స్,
రంజాన్ పద్నాలుగో రోజు

అన్నయ్యకి సలాములు.

నువ్వు చెప్పినట్టే పంచుతున్నాను. నీ మోకాలు, నర్సు పరీక్ష, మేక, అన్నీ వరసగా తలుచుకుంటుంటే రెండు గంటలూ బొటాబొటిగా సరిపోతున్నాయి. కొత్తవాళ్లని తీసుకోకు. ఇక్కడి మసీదు ఇమాం, పొద్దు గుంకాక ఆలస్యం చేయకూడదమ్మా అని కబురు పెట్టాడు. ఆయన తంజా ఊరివాడు, మన ఊజ్దా వాళ్లకి చెప్పొచ్చేవాడా. కళ్లు తిరుగుతున్న మాట నిజమే. కానీ ఇంతమందికి మాటిచ్చి ఎలా మానను? పైగా మానేస్తే నువ్వక్కడ ఒక్కడివే తాగాలి.

నీ యామ్నా

తా.క. మామయ్య గారూ, నేను గొప్ప చెప్పుకోలేదు, మొర పెట్టుకున్నాను. మీ మేనల్లుడు పనిచేసేది రొట్టెల బట్టీలో. పగలంతా వేడి రొట్టెల మధ్య నిలబడి, ఇంటికొచ్చి రెండు గంటలు టీవీలో వంటల కార్యక్రమం చూస్తారు. ఇంకో సంగతి. ఆజాన్ వేళ తెర కింద 'ఇది రబాత్‌కి, చుట్టుపక్కల ఊళ్లకి మాత్రమే' అని అక్షరాలు వస్తాయి. అత్తయ్యకి చదివి వినిపిస్తే, ఆకలేసి కల్పించానన్నారు. దయచేసి దీన్ని షాపులో చదవకండి.


ఊజ్దా,
రంజాన్ ఇరవయ్యో రోజు

చెల్లాయికి, తప్పు చేసిన అన్న రాస్తున్నది.

ఈ ఉత్తరం షాపులో చదవలేదు. కోడలు చెప్పింది నిజం. మన ఊళ్లో రబాత్ కంటే ఇరవై నిమిషాల ముందే పొద్దు గుంకుతుంది. పదకొండేళ్లలో నువ్వు మర్చిపోయావు. టీవీలో ఆజాన్ వచ్చేసరికి నేను రెండో గిన్నె ముగించి గోడకానుకుని కునుకు తీసేవాణ్ని. నువ్వంత మురిసిపోతూ రాస్తే కాదనడానికి నోరు రాలేదు.

అందుకే నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఖర్జూరంతో ఉపవాసం విడిచి, హరీరా మాత్రం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. రబాత్ ఆజాన్ అయ్యాకే మొదటి గుక్క, నీతోపాటు. మీ వదిన రోజూ రెండుసార్లు వేడి చేసి ఇస్తోంది. మొన్న, ఇంకోసారి చల్లారితే నా నెత్తిన బోర్లిస్తానంది. నా కోసం మీరంతా పస్తుండొద్దు తల్లీ. మీ సూర్యుడు గుంకగానే తాగండి.

నీ అన్న,
కద్దూర్

తా.క. మోకాలు మాత్రం పూర్తిగా తగ్గిపోయింది. నిన్న ఆగకుండా మేడ ఎక్కాను. ఆ పది నిమిషాలు ఒక్కటీ పండగదాకా లాగించు.


బ్రస్సెల్స్,
పండగ ముందు రోజు

నా పిచ్చి అన్నయ్యకి, నీకు తగ్గ చెల్లెలు సలాములు.

పద్నాలుగో రోజు నీకు ఉత్తరం వేసి వచ్చిన సాయంత్రం, మిలూద్ ఖర్జూరం చేతిలో పట్టుకుని కుర్చీలోనే నిద్రపోయాడు. నిద్రలో నమిలాడన్నయ్యా, ఖాళీ నోరు. మర్నాటి నుంచి అందరం నాలుగు నలభైకే తినేస్తున్నాం. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆరున్నరకి మాత్రం నేనొక్కదాన్నే టీవీ ముందు కూర్చుని, ఆజాన్ వినపడగానే ఓ ఖాళీ గిన్నె పెదాలకి ఆనిస్తున్నాను, నువ్వు ఒంటరిగా తాగకూడదని.

అంటే, ఆ తర్వాత నీ మోకాలికి ఒక్క నిమిషం కూడా పంపలేదు. ఎలా తగ్గిందో అల్లాకే తెలియాలి. షాపులో వాళ్లకి నువ్వే సర్దిచెప్పు, నాకు సిగ్గుగా ఉంది. వదిన మాట విని వేడివేడిగా తాగు.

నీ యామ్నా

తా.క. మామయ్య గారూ, అది ఖాళీ గిన్నె కాదు. రోజూ ఆరున్నరకి రెండోసారి నిండా హరీరా పోయించుకుంటున్నారు, ఈ నెలలో నాలుగు కిలోలు పెరిగారు. ఇదేంటత్తయ్యా అంటే, మొదటి గిన్నె ఆకలికి, రెండోది అన్నయ్యకి అంటారు.