దొర బురుజుకు ఒక్క పూట తాళం

పర్యాటక శాఖ అధికారి గారి సముఖమునకు, పుంగనూరు దగ్గర బురుజుపల్లె రైతు మునిరాజ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా చెరువు కట్ట మీది దొర బురుజును వచ్చే ఆదివారం ఒక్క పూట మూయించుట గురించి.

1. సదరు బురుజును తెల్లదొరలు నీటిమట్టం చూచుటకు కట్టించిరని తమరి బోర్డులో ఉన్నది. మా ఊరి మాట వేరు. దొర పైకెక్కి ఎవరి చేలో ఎంత పంట ఉందో చూసి శిస్తు వేసేవాడట. మా పెద్దలు ఉన్న పంట దాచలేక అవస్థపడినారు. నేను లేని పంట చూపలేక అవస్థపడుచున్నాను.

2. నాకు ముప్పై నాలుగేండ్లు. సేద్యగానికి పిల్లనిచ్చేవారు లేరు. గుడుపల్లె రామచంద్రప్ప గారి కుమార్తె కల్పన సంబంధం వచ్చినప్పుడు, బురుజెక్కి ఫోటో దిగి వాట్సాప్‌లో పంపినాను. వెనుక కనబడు టమోటా తోట మాదేనని వ్రాసినాను. అది వరదరాజులు గారిది. ఆయన మోటారు రూము గోడ మీద తన పేరు మనిషెత్తున రాయించుకొన్నారు. ఫోటోలో దానికి నా తల అడ్డం పెట్టినాను. నా ఎకరా వేరుశనగ ఆ పక్కనే ఎండిపోయి ఉన్నది.

3. రామచంద్రప్ప గారు ఆదివారం వస్తున్నారు. "ఇంటికాడ కూసోని ఏం సేస్తాము, ఆ బురుజెక్కి తోటంతా సూస్తాము" అన్నారు.

4. టికెట్లిచ్చే నాగేంద్రను బతిమాలితే, "ఆఫీసు నుంచి ఆర్డరు రానిది తాళం ఎయ్యలేనప్పా. నిజం సెప్పేస్తే పోతాది గదా" అన్నాడు. అతనికి పెండ్లయి ఇద్దరు పిల్లలు.

5. కావున మరమ్మతులనో, తేనెటీగలనో తమకు తోచిన కారణం చెప్పి మూయించవలెను. ఆ పిల్లతో ఫోనులో మాట్లాడినాను. అది మొదలు ఇంకెవరినీ చేసుకోబుద్ధి కావడం లేదు.

నా మొర తమరే దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు, నేటికీ అవివాహితుడు,
మునిరాజ

తా.క.: పోస్టు చేయబోతుండగా నాగేంద్ర ఫోను చేసినాడు. కల్పన చెప్పాపెట్టకుండా వచ్చి, టికెట్టు కొని, పైకెక్కి ఉన్నదట. పరుగున పోయినాను. గోడ మీది పేరు అప్పటికే చదివేసింది. నా చేను ఏదో అడిగి చూపించుకొన్నది.

"ఫోటోలో తల అంత పక్కకు యాల పెట్టినాడో అనుకుంటి. ఇంగ నాతో అబద్ధమాడొద్దు" అన్నది. ఆడనన్నాను. నిజంగానే ఆడను. "మా నాయన సంగతి నాకిడిసిపెట్టు. ఆయనకు దూరం ఆనదు. అద్దాలు ఇంట్లో మర్సిపోయేటట్టు సూస్తా" అన్నది.

కావున ఆదివారం బురుజు తెరిచే ఉంచవలెను. పైన తమరు పెట్టించిన దుర్భిణికి మాత్రం గుడ్డ కప్పించవలెను.