ముప్పై ఒకటో స్లైడు

ముద్దుల పిచ్చుకకు,

దొరసాని పోయి పన్నెండు రోజులైంది. "చేయగలిగిందంతా చేశాం అమ్మమ్మా" అని నువ్వు ఫోన్‌లో అంటే ఊఁ కొట్టాను. ఆ "అంతా"లో నేను చేసిందేమిటో నీకు తెలియదు. ఫోన్‌లో చెబితే మధ్యలో నువ్వు ఏడుస్తావు, నేను కసురుతాను, అసలు సంగతి చట్టుబండలవుతుంది. అందుకే ఈ ఉత్తరం.

పశువుల డాక్టరువై ఆడకుక్కల రొమ్ము క్యాన్సర్ మీద పరిశోధన మొదలుపెట్టినప్పుడు, "ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రిలో రక్తకణాలు లెక్కపెట్టిన కళ్లు ఊరికే పోకూడదు" అంటూ స్లైడ్ల పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టావు. ఏది ఎవరి కుక్కదో తెలియకుండా పేర్ల మీద అంకెలు అతికించావు. బాగానే ఉంది. కానీ వెర్రిదానా, రొమ్ములో గడ్డ తడిమి చూస్తుంటే దొరసాని నిన్ను కరవబోయిన రోజు రక్తం తీసింది నువ్వైనా, స్లైడు మీద పూసింది నేనే కదా! నా బొటనవేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. నా పూత చివర ఎప్పుడూ ఎడమకు ఒంగుతుంది. ముప్పై ఒకటో స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టకముందే గుర్తుపట్టాను.

అప్పుడే పక్కన పెట్టాల్సింది. పెట్టలేదు. వంద తెల్లకణాలు లెక్కపెట్టాను. న్యూట్రోఫిల్స్ ఎనభై ఆరు, లింఫోసైట్లు తొమ్మిది. మొదటివి ఇంత పెరిగి, రెండోవి ఇంత తగ్గితే ఆ కుక్క ఎక్కువ కాలం ఉండదేమోనని నీ అనుమానం. అది తేల్చడానికే నీ పరిశోధన. పైగా దొరసాని గురించి విడిగా ఓ మాట అన్నావు: "లెక్క బాగుంటే ఆపరేషన్ చేద్దాం. లేకపోతే నొప్పి తెలియకుండా మందులిచ్చి నీ దగ్గరే ఉంచేద్దాం."

మళ్లీ లెక్కపెట్టాను. అవే అంకెలు. కాగితం మీద మాత్రం అరవై ఎనిమిది, ఇరవై ఏడు అని రాశాను. ముప్పై నాలుగేళ్లలో మనిషి రక్తానికి చేయని పని కుక్క రక్తానికి చేశాను.

"పర్లేదు అమ్మమ్మా, కోద్దాం" అని నువ్వంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆపరేషన్ తర్వాత అది నలభై ఒక్క రోజులు బతికింది. గాయం నాక్కోకుండా మెడకు కట్టిన ఆ గరాటుతో, గుమ్మాలకు కొట్టుకుంటూ, కుట్లు మానక. ఎండపొడలో బోర్లా పడుకోవడం దాని ఏకైక వ్యసనం. ఆ నలభై ఒక్క రోజుల్లో ఒక్కసారీ పడుకోలేకపోయింది. చివరికి నీ ఆసుపత్రి బోనులో పోయింది. దాని ఆయుష్షు పెంచబోయి, నిమ్మళంగా పోయే వీలు కూడా లాగేసుకున్నాను.

క్షమించమని రాయడం లేదు. ఆ అంకె దిద్దుకో.

నీ అమ్మమ్మ


పిచ్చుకా,

నీ జవాబు మూడుసార్లు చదివాను, కళ్లజోడు తుడుచుకుని మరీ. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి సరిచూసుకోవడం మీ పద్ధతట. ఆ రెండో మనిషివి నువ్వేనట. ఎనభై ఆరు, తొమ్మిది అని నీకు ముందే తెలుసట. "నీ అంకె చూశాక, నేనే తప్పు లెక్కపెట్టానని అనుకోవాలనిపించింది అమ్మమ్మా. మళ్లీ చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని" అని రాశావు. నా పెంపకం మరి! మీ అమ్మ మీదకు నెట్టడానికి కూడా లేదు.

అసలు లెక్కతో ముప్పై ఒకటిని నీ పరిశోధనలో చేర్చమని అడుగుదామనుకున్నాను, దాని చావు ఇంకో కుక్కకైనా పనికొస్తుందని. తీసేశానని నువ్వే రాశావు. ఎవరి రక్తమో తెలిసి లెక్కపెట్టింది లెక్కలోకి రాదన్నావు. నిజమే. చేర్చి ఉంటే చెవి మెలేసేదాన్ని. అంటే, దొరసాని పడ్డ బాధ ఎవరికీ దేనికీ పనికిరాలేదు.

స్లైడ్ల పెట్టె తిరిగి పంపుతున్నాను. నేను చూసిన మిగతావన్నీ వేరే ఎవరిచేతైనా మళ్లీ లెక్కపెట్టించు. ఒకసారి జారిన చేతిని నమ్మకు.

గరాటు పారేశాను. దొరసాని నీళ్ల గిన్నె మాత్రం గుమ్మం పక్కనే ఉంది. రోజూ నీళ్లు మారుస్తున్నాను. ఈసారి వచ్చినప్పుడు నువ్వే తీసేయి. నేను చూడనట్టు ఉంటాను. చూడనట్టు ఉండటం మనిద్దరికీ కొత్తేం కాదుగా.

నీ అమ్మమ్మ