టాక్సీ చక్రాలకు పెట్టిన గోరింటాకు

లరాష్, మొరాకో,
జూలై 22

అమ్మా,

నీ వియామ్ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఇక్కడ నేనూ, పక్కింట్లో పిన్నీ కులాసా. స్పెయిన్ తోటల్లో వంగి వంగి పళ్ళు కోస్తున్న నీ నడుము కూడా కులాసాగానే ఉందనుకుంటాను.

సీటొచ్చింది! తాంజియర్ మెడికల్ కాలేజీలో! పిన్ని వేసిన కేక చేపల బజారు దాకా వినిపించింది. "సీటొస్తే గది అద్దెకు, పుస్తకాలకు ఎలాగే? వచ్చే ఏడాదికీ ఇక్కడి తోట పనికి సంతకం పెట్టనా?" అని అడిగావు. పెట్టకు. నాన్న ఇస్తాడు.

చదవడం ఆపకు! ఫోన్లో అయితే ఈ మాటకే పెట్టేసేదానివి. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మార్చిలో నాకు పద్దెనిమిది నిండగానే "ఇక చట్టం నన్నడగదు" అని నాన్న మనోవర్తి ఆపేశాడు. మనమూ నమ్మాం. బళ్ళో మా మేడమ్ వింటూనే నవ్వింది. చదువుకునే పిల్లలకు ఇరవై అయిదేళ్ళ దాకా తండ్రి ఇవ్వాల్సిందేనట! నీ పేరున అర్జీ రాయించుకుని కోర్టుకు పరుగెత్తాను. గుమాస్తా కళ్ళజోడు పైకి జరిపి, "పద్దెనిమిది నిండాయి కదమ్మా, ఇక మీ అమ్మ వేస్తే చెల్లదు. నువ్వే వెయ్యాలి" అన్నాడు. కన్నతండ్రి మీద నా పేరుతో దావా. అయినా సంతకం పెట్టాను.

వాయిదా రోజు నాన్న చినిగిన జలాబా అంగీ వేసుకొచ్చాడు, ఎవర్నడిగి తెచ్చుకున్నాడో! "కూలి దొరికిన రోజు తింటాను, లేనిరోజు పస్తు. ఆడపిల్లకి అంత చదువెందుకండీ, పెళ్ళి చేసేస్తా" అన్నాడు. అది అబద్ధమని ఎలా చూపించాలి? నాన్న టాక్సీల కాగితాలన్నీ తన స్నేహితుడి పేరునే ఉన్నాయి కదా.

అప్పుడు వెనక బల్ల మీద నుంచి నానమ్మ లేచింది.

"పస్తులేమిట్రా? నీ రెండు టాక్సీలేమయ్యాయి? జడ్జిగారూ, కొత్త బండి వచ్చినప్పుడల్లా దిష్టి తగలకుండా చక్రాలకి గోరింటాకు పెట్టింది ఈ చేత్తోనే. రెండుసార్లు పెట్టాను."

"అవి నా స్నేహితుడివి సార్!"

"మరి వాటికి మీ అమ్మగారు గోరింటాకు ఎందుకు పెట్టారు?" అన్నారు జడ్జిగారు.

చదువు పూర్తయ్యే దాకా నా ఖర్చులు ఆయనే భరించాలని తీర్పు వచ్చింది. అమ్మా, మెట్ల మీద ఎగిరి గంతేశాను!

ఇక నీకు కోపమొచ్చే మాట. నానమ్మను పిలిచింది నేనే. మీ విడాకుల రోజున ఆమె నోరు మెదపలేదని, ఆ గడప తొక్కనని నాచేత ఒట్టు వేయించావు. తప్పాను. నేను అడగ్గానే ఆమె చెప్పులు వెతుక్కుంటూ, "ఆ రోజు నోరు మూసుకున్నందుకు వాడు పదేళ్ళు అన్నం పెట్టాడు. ఆ అన్నం ఇక సహించదే" అంది.

కోర్టు గుమ్మంలోనే నాన్న ఆమెను ఇంటికి రావద్దన్నాడు. ఒంటరిగా పడుకోవద్దని రాశావు కదా, నేను ఒంటరిగా లేను. నానమ్మ ఇప్పుడు మనింట్లోనే ఉంది. నీ కూరలో ఉప్పెక్కువని ఇప్పటికీ సాధిస్తోంది. కానీ నీ మంచం మీద పడుకోమంటే వినదు. చాప పరుచుకుని, "అది మీ అమ్మది. వచ్చి తనే చెప్పాలి" అంటోంది.

త్వరగా వచ్చి చెప్పవూ?

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ కూతురు,
వియామ్