నీ విస్తట్లో ఖైనీ పొట్లం

ఒరేయ్ శీనూ, ఈ ఉత్తరం నువ్వు చదవవని తెలుసు. బతికుండగా ఈ అక్క మాట విన్నావా, పోయాక వినడానికి?

ఇవాళ నీ సంవత్సరీకం. తిరువూరులో మన డాబా మీద విస్తరి వేసి, నీకిష్టమైన కోడికూర పెట్టాం. నీతోపాటు లారీ తోలిన నాగరాజు వచ్చి, దాని పక్కనే ఖైనీ పొట్లం, క్వార్టరు సీసా పెట్టాడు.

"ఇవి లేకపోతే వాడికి ముద్ద దిగదక్కా" అన్నాడు.

రెడ్డిగూడెం మామిడికాయల లోడు ఎత్తితే నిద్ర ఆపుకోడానికి ఖైనీ, దించాక నిద్ర పట్టడానికి మందు. అదీ మీ బతుకు. నాకు ఒళ్ళు మండిపోయింది. సీసా లాక్కుని పిట్టగోడకేసి కొట్టాను. వాడి చొక్కా పట్టుకుని చెంపలు వాయించాను.

"వీటితోనే కదరా వాడి మెదడులో నరం చిట్లింది! బీపీ బిళ్ళ రోజూ అక్కర్లేదు, తలనొప్పి వచ్చిన రోజు వేసుకుంటే చాలని చెప్పింది నువ్వే కదరా!"

నలుగురు పట్టుకుంటేగానీ ఆగలేదు. గాజుపెంకు గుచ్చుకుని నా అరచెయ్యంతా నెత్తురు.

అప్పుడు నీ పెళ్ళాం లక్ష్మి కిందికి వెళ్ళి, నువ్వు వేసుకోకుండా వదిలేసిన బిళ్ళలు తెచ్చి, అట్టల్లోంచి ఒలిచి అన్నం పక్కన పోసింది.

"ఇప్పుడన్నా వేసుకుంటారేమో వదినా" అంది.

అందరం పక్కకు తప్పుకున్నాం. కాకి వాలింది. నువ్వే వచ్చావని అందరూ దణ్ణం పెట్టారు. అది బిళ్ళల్ని ముక్కుతో పక్కకు నెట్టేసి, కోడిముక్క ఎత్తుకుంది.

అచ్చం నువ్వేరా. నెత్తురు కారుతున్న చేత్తోనే చెంబు తీసి నీ మీదికి విసిరాను.