గడ్డి ఆరేసిన బట్టల తాడు

అత్తయ్యగారికి నమస్కారాలు. నేను దిట్టంగా ఉన్నాను, బెంగ పెట్టుకోకండి.

ఎండలకు గడ్డి మాడిపోతే రెండు నెలలు ఈ ఫారంలో కుందేళ్ళను మల్బరీ ఆకుతో, మునగ రెమ్మలతో నెట్టుకొచ్చాను. వానలు పడి పచ్చగడ్డి లేచేసరికి ఫారం యజమానికి ప్రాణం లేచొచ్చింది. కోసింది కోసినట్టే వేసెయ్యమన్నాడు. తడి గడ్డి తింటే వాటికి పొట్ట ఉబ్బుతుందని చెప్పి, నా గదిలో బట్టల తాడు మీద కట్టలు కట్టి ఆరేశాను.

"అవి ఆకలితో చస్తుంటే నువ్వు గడ్డికి గాలి పట్టిస్తున్నావా?" అని చిందులు తొక్కి, రెండో షెడ్డులో తనే స్వయంగా తడి గడ్డి వేశాడు. మర్నాటికి అక్కడ తొమ్మిది కుందేళ్ళు పొట్టలు బిగిసి పడుకున్నాయి. రెండు దక్కలేదు. నేను చూసుకునే మొదటి షెడ్డులో ఒక్కదానికీ ఏమీ కాలేదు.

మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి బాగు చేయించారా? నాకో బట్టల తాడు పంపండి, ఉన్నది గడ్డి ఆక్రమించింది. మామయ్యగారికి దండాలు, పాపకు ముద్దులు.

"ఆకులు కోసే పనికి అంత దూరం దేనికి?" అన్న మీ అబ్బాయికి చెప్పండి: ఇప్పుడు రెండు షెడ్లూ నావే. గడ్డిపరక వెయ్యాలన్నా యజమాని ముందు నన్నడుగుతున్నాడు.

మీ కోడలు